అరమిల్లీ గారి పనుల పట్టీ

గాజు వ్యాపారంలో దిగినవాడు మొదటి రోజే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బట్ట చిరిగితే కుట్టుకోవచ్చు, చెక్క విరిగితే మేకు కొట్టుకోవచ్చు, నోరు జారితే కాళ్ళావేళ్ళా పడొచ్చు. కోసిన గాజు మాత్రం కోసినట్టే. అందుకే ఆ వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడెవడికైనా చెయ్యి నిదానంగా ఉంటుంది, చూపు చురుగ్గా ఉంటుంది.

అద్దాల కొట్టు అరమిల్లీ గారికి ఆ రెండూ ఉన్నాయి. ఆయనకి అసలు పేరంటూ ఒకటుంది గానీ అది బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రతి బేరంలోనూ "అరమిల్లీ కూడా తేడా రాదండీ" అని చెప్పి చెప్పి ఆ పేరే స్థిరపడింది. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఫోనెత్తి ఆయనే "అరమిల్లీనండీ" అంటున్నారు. ఊరికే వచ్చిన పేరు వ్యాపారం తెచ్చి పెడుతుంటే వద్దనడానికి ఆయనకేం పిచ్చా?

కొట్లో ఆయన కుర్చీ పక్కన అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటుంటుంది. బిగించిన ప్రతి పలకా అందులో ఎక్కుతుంది. ఎవరి ఇల్లు, ఏ గది, ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఏ రోజు. అయితే బిగించాకే ఎక్కుతుంది. అది తండ్రి పెట్టిన కట్టడి. "చట్రంలో కూర్చోని పలకని పుస్తకంలో కూర్చోబెట్టకు" అనేవాడు ముసలాయన. దానికి కారణం లేకపోలేదు. వానలకి ఉబ్బిన చెక్క చట్రం ఎండ తగలగానే వదులవుతుంది. సోమవారం రాసుకున్న కొలత శనివారానికి అబద్ధమై కూర్చుంటుంది. పలక కూర్చున్నాక ఉన్న కొలతే నిజం కాబట్టి పుస్తకంలో ఉండాల్సింది అదే. మరి ఇంకా చేయాల్సిన పనుల సంగతి? అవన్నీ బుర్రలో ఉండేవి. దారిలో ఎవరైనా ఆపి "శుక్రవారానికి అవుతుందా అరమిల్లీ గారూ?" అంటే ఆయన సమాధానం ఎప్పుడూ ఒక్కటే: "అయిపోయిందనుకోండి."

నలభై ఏళ్ళు అలాగే నడిచింది. బుర్ర కూడా సరుకు గదిలాంటిదే అని, కొత్తది తోసే కొద్దీ పాతది ఏ మూలకో పోతుందని ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే ఆ మూల వెతుక్కునే బాధ ఆయనది కాదు, బావమరిదిది.

బావమరిది కొట్లో కోతపని చేస్తాడు. చిన్నాచితకా కిటికీ పలకలైతే అరమిల్లీ గారే మిగులు ముక్కల్లోంచి కోసుకుని, స్కూటర్ మీద పట్టుకెళ్ళి బిగించి వస్తారు. నిలువుటద్దాలు, తలుపులు, దుకాణాల ముందరి పెద్ద పలకలు మాత్రం బావమరిది చేతిలోంచే పోవాలి. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల. కట్టర్ పెట్టి గీత లాగాడంటే మధ్యలో ఎక్కడా చెయ్యి ఆగదు. బల్ల అంచుకి చేర్చి ఒక్క నొక్కు నొక్కితే పలక గీత వెంట మాట విన్నట్టు విడిపోతుంది. "కోతలు కోయడం మా వంశంలో లేదండీ, పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాం" అని అరమిల్లీ గారు వచ్చినవాళ్ళ దగ్గర పరాచికాలాడేవారు. అవతల ఫోటోలకి ఫ్రేములు బిగిస్తూ ఆయన భార్య "నా తమ్ముణ్ణి అంటే అన్నారు గానీ, కోతలన్నీ ఎవరివో ఈ వీధికంతా తెలుసు" అనేది.

ఆ నెల తొమ్మిదో తారీకు, సోమవారం పొద్దున, బావమరిది టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"బావా, ఒక్క మాట."

"అయిపోయిందనుకో."

"ముందు విను. ఊరి బయట కొత్తగా పెట్టిన పెద్ద గాజు కంపెనీ లేదూ, వాళ్ళు నన్ను రమ్మంటున్నారు."

అరమిల్లీ గారు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపారు. "జీతం ఎక్కువా?"

"కాస్త ఎక్కువే. దానికోసం కాదు. వాళ్ళ దగ్గర రేపేం పనో ఈరోజే తెలుస్తుందట. ఏ ఇల్లు, ఎన్నో అంతస్తు, ఏ కొలత, అంతా ఫోన్లోకి వచ్చేస్తుందట. నాకు నలభై ఆరొచ్చాయి బావా. మొన్న నిలువుటద్దం మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కాను. లిఫ్టులో పట్టలేదు. పైకెళ్తే అది వేరే వాళ్ళ ఇల్లు. నువ్వేమో మూడో అంతస్తు ఎడంచేతి వైపన్నావు."

"కుడిచేతి వైపు అన్నానేమో."

"రెండో అంతస్తు బావా అది!"

భార్య ఫ్రేము మీంచి తల ఎత్తలేదు గానీ సుత్తి చప్పుడు ఆగింది.

"వాళ్ళకేం చెప్పావు?"

"నెలాఖరుకి చెప్తానన్నాను. ఈలోపల నీకొక అవకాశం. ఇద్దరికీ ఫోన్లలో ఒకటే పనుల పట్టీ పెడతాను. కొట్లో ఏ పని ఉన్నా అందులో ఉండాలి. అది కుదిరిందా, నేనిక్కడే. కుదరలేదా, నన్ను తప్పుపట్టకు."

అరమిల్లీ గారు ఆ క్షణంలోనే లోపల లెక్క వేసుకున్నారు. గాజు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. బల్ల కొత్తది చేయించుకోవచ్చు, బండి మార్చుకోవచ్చు. గీత లాగే చెయ్యి మాత్రం ఎక్కడా అమ్మరు. అది వెళ్ళిపోతే మిగిలేదాన్ని అద్దాల కొట్టు అనరు, అద్దాల గుట్ట అంటారు. పైగా ఆ చెయ్యి ఇంటావిడ తోడబుట్టినవాడిది. నష్టం కొట్లో ఒక వంతైతే, ఇంట్లో రెండు వంతులు.

"పెట్టు చూద్దాం నీ పట్టీ" అన్నారు.

ఆ మధ్యాహ్నమే బావమరిది ఆయన ఫోన్లో నోట్సు యాప్ ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి, పక్కన కూర్చుని చూపించాడు.

"ఇక్కడ నొక్కితే పట్టీ తెరుచుకుంటుంది. పని రాయి. చూశావా, పక్కన చిన్న గడి వచ్చింది. పనయ్యాక గడి మీద నొక్కితే టిక్కు పడి అడుక్కి పోతుంది. ఇది తారీకు. ఈ ఎర్రజెండా అర్జంటు పనులకి. నువ్వు రాసింది నా ఫోన్లో వెంటనే కనపడుతుంది, నేను రాసింది నీకు."

"అదెట్లా?"

"గాజు లాంటిదే బావా. ఇటునించి నువ్వు చూడొచ్చు, అటునించి నేను చూడొచ్చు."

పోలిక అరమిల్లీ గారికి నచ్చింది. వ్యాపారికి ఒక సంగతి నచ్చిందంటే ఇక దాని వెంట పడతాడు. రెండో రోజు సాయంత్రానికే ఆయన పట్టీలో ఏడు పనులు రాశారు. ఒక్కొక్కటీ ముత్యాల్లాంటి కొలతలతో. "పంటి డాక్టరమ్మ, ముందు గది కిటికీ, రెండు పలకలు, 610, 455." ఇంట్లో భోజనాల దగ్గర భార్యకి చూపించి మురిసిపోయారు కూడా. అవతల బావమరిది తన ఫోన్లో అది చూసి, 'మా బావ మారాడు' అనుకుని కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, బావ లేకుండానే, డాక్టరమ్మ పలకలు రెండూ కోసి, అంచులు అరగదీసి, కాగితాల్లో చుట్టుకుని వెళ్ళాడు. ముప్పావుగంటలో ఆ రెండు పలకలతోనే తిరిగొచ్చాడు. అప్పుడే కొట్లోకి వచ్చిన అరమిల్లీ గారు పంపు కింద చెయ్యి కడుక్కుంటున్నారు.

"బావా, డాక్టరమ్మ కిటికీకి పలకలు ఉన్నాయి."

"ఉంటాయి మరి. నిన్న నేనేగా వేసొచ్చింది."

"వేసినవాడివి పట్టీలో ఎందుకు రాశావ్?"

"వేశాను కాబట్టే రాశాను! వేయకుండా ఎట్లా రాస్తారు?"

బావమరిది పలకల్ని మెల్లగా బల్లకి ఆనించాడు. "ఆవిడేమందో తెలుసా? 'నిన్న మీ బావగారొచ్చి వేశారు, ఇవాళ మీరొచ్చి పగలగొట్టి మళ్ళీ వేస్తారా? పళ్ళకైతే మేం కూడా ఇంత అన్యాయం చేయం' అంది. అక్కడ నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు కూడా నవ్వాడు బావా, నోరు మూయకుండానే."

"పోనీ, గడి?" అంది భార్య. "అయిపోయిందాని గడిలో టిక్కు పెట్టాలి కదండీ?"

"రాశాక మళ్ళీ టిక్కెందుకే? చెయ్యి కడుక్కున్నవాడికి మళ్ళీ వడ్డిస్తారా?"

సరిగ్గా అప్పుడే వీధి చివరి దర్జీ కొట్లోకి తొంగిచూశాడు. నెలరోజులుగా అతని మిషను పక్క కిటికీకి గాజు బదులు అట్టముక్క ఉంది. "అరమిల్లీ గారూ, నా కిటికీ సంగతి..."

బావమరిది ఫోన్ తీసి పట్టీ పైనుంచి కిందిదాకా జరిపాడు. "దర్జీ గారి కిటికీ ఇందులో లేదే."

"కాలేదుగా, ఎట్లా ఉంటుంది?" అన్నారు అరమిల్లీ గారు.

దర్జీ ఇద్దరి మొహాలూ చూశాడు. "నిజమేనండీ, కాలేదు. పట్టీలో తప్పేం లేదు."

"చూశావా అక్కా!" బావమరిది గొంతు పెరిగింది. "బావ పట్టీలో ఉందంటే ఆ పని అయిపోయినట్టు. లేదంటే చేయాల్సినట్టు. నేను పొద్దున్నే లేచి, అందులో ఏం లేదో చూసుకుని పనికి పోవాలి!"

నవ్వు వచ్చినా ఎవరూ నవ్వలేదు. కోసిన రెండు పలకలూ ఏ కిటికీకీ సరిపడనివి. గోడ పక్కన నిలబడ్డాయి.

అరమిల్లీ గారు మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. తప్పు అర్థమైంది. అయితే కొత్తగా తప్పు తెలుసుకున్నవాడు దాన్ని దిద్దుకోవడంలో పొరుగూరిదాకా పరిగెడతాడు. అంతవరకూ జరగనిది రాయనివారు, ఇక జరగాల్సినవన్నీ రాయడం మొదలుపెట్టారు. స్కూటర్‌కి గాలి కొట్టించాలి. చెప్పు తెగింది. వియ్యంకుడికి ఫోన్ చేయాలి. పుట్టీ డబ్బాలు నాలుగు. కాఫీహోటలు తలుపు కొలవాలి. డాక్టరమ్మకి క్షమాపణ చెప్పాలి. కళ్ళజోడు ఎక్కడ? పన్నెండు రోజుల్లో పట్టీ అరవై ఒకటికి చేరింది. ఏది ముందో తేల్చుకోవడం దేనికని ఆయన అన్నిటికీ ఎర్రజెండా పెట్టేశారు.

బావమరిది ఒకరోజు ఫోన్ ఆయన ముందు పెట్టాడు. "అన్నీ ఎర్రజెండాలే. ఇంక రైలు కదిలేదెప్పుడు?"

"అన్నీ అర్జంటేగా."

"వియ్యంకుడికి ఫోన్ చేయడం కూడానా?"

"అది మరీ అర్జంటు. కావాలంటే మీ అక్కనడుగు."

 బావమరిది ఫోన్ జేబులో వేసుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా, ఆ మర్నాడంతా, అడిగినదానికి సమాధానం తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అరమిల్లీ గారికి భయం పుట్టింది అప్పుడే. కొట్లో నలభై ఏళ్ళు కూర్చున్నవాడికి ఒక విషయం తెలుస్తుంది: గొడవపెట్టుకునేవాడు ఇంకా బేరంలో ఉన్నట్టు. అన్నిటికీ తల ఊపి చిన్నగా నవ్వేవాడు పక్క కొట్టుకి పోయేవాడు.

ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం ఆయన బండిలోకి పలకలు ఎక్కిస్తున్నారు. బావమరిది భోజనానికి వెళ్ళాడు. భార్య గడపలో నిలబడి పలకల మధ్య పెట్టడానికి అట్టముక్కలు అందిస్తోంది.

"ఆ స్కూలు పలక ముందే ఎక్కించారేంటి? అది సాయంత్రానికి కదా?"

"సాయంత్రం దిగేది కాబట్టే ముందెక్కాలి. లోపలికి పోవాలి. ముందు దిగే కాఫీహోటలుది అన్నిటికన్నా పైన ఉండాలి. లేకపోతే ఒక్కటి దింపడానికి ఐదు దింపి ఐదు ఎక్కించాలి."

"మరి మీ చెప్పులూ, మీ కళ్ళజోడూ ఎక్కించలేదే బండిలో?"

"బండిలో అవెందుకే?"

"అదే నేనూ అడుగుతున్నా. వాడి పట్టీలో అవెందుకు?"

అరమిల్లీ గారు ఇంకో అట్టముక్క కోసం చాపిన చెయ్యి అలాగే ఉంచారు. ఆవిడ అట్ట ఇవ్వలేదు.

"మొదట దాన్ని పుస్తకమనుకున్నారు. అయిపోయినవి రాశారు. ఆ తర్వాత చెత్తబుట్ట అనుకున్నారు. మీ దగ్గర అసలు పట్టీ లాంటిది ఒకటి ముందునుంచీ ఉందండీ. లోపల చూడండి."

లోపల బల్ల పక్కన చెక్క స్టాండు. కోసిన పలకలు బిగించడానికి వెళ్ళేదాకా అందులోనే నిలబడతాయి. అందులో ఒక పలక ఉందంటే అది ఇంకా వెళ్ళలేదని అర్థం. వెళ్ళిపోయిన పలకని ఎవరూ తెచ్చి స్టాండులో పెట్టరు. తనకి బుద్ధి పుట్టినచోట ఎవరూ పెట్టరు; గుమ్మం వైపు ముందు పోయేది, గోడవైపు తర్వాత పోయేది. పుస్తకం నిండితే కొట్టుకి మంచిది, స్టాండు ఖాళీ అయితే కొట్టుకి మంచిది. ఈ ముక్క తనకి నలభై ఏళ్ళుగా తెలుసు. తెలిసినది తెలిసినట్టు తట్టకపోవడమే వయసు మీదపడటమేమో అనుకున్నారాయన.

బండి తలుపు వేసి లోపలికొచ్చి కూర్చున్నారు. అరవై ఒకటీ తీసేశారు. ఇంటికీ ఒంటికీ సంబంధించినవన్నీ వేరే పట్టీలోకి తోసి దాన్ని తనొక్కరికే ఉంచుకున్నారు. కొట్టు పనులకి మూడు పట్టీలు పెట్టారు: కొలవాల్సినవి, కోయాల్సినవి, బిగించాల్సినవి. ఒక పని మొదటిదాంట్లో పుట్టి, రెండోదాంట్లోకి జరిగి, మూడోదాంట్లోంచి బయటికి పోవాలి. బిగించాల్సినవాటిలో రోజువారీగా, రోజులో మళ్ళీ బండి తిరిగే దారి వెంట వరస. ఎర్రజెండా రోజుకి ఒకటికి మించి లేదు.

"ఇప్పుడు మీ బుర్రలోవి దింపండి" అంది భార్య, ఎదురుగా స్టూలు లాక్కుని. "చేపల మార్కెట్టు వీధి నుంచి మొదలుపెడదాం. అక్కడెవరికి మాటిచ్చారు?"

"ఎవరికీ లేదు. ఆ, ఐస్ దుకాణం. గల్లా ముందరి గాజు."

"ఎప్పటికి?"

"... పోయిన వారానికి."

అలా వీధి వీధీ తిరిగారు, కుర్చీలోంచి లేవకుండానే. ఆవిడ ఇంటి గుర్తులు చెబుతూ పోతే ఆయన ఇచ్చిన మాటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గంటన్నరకి పందొమ్మిది లెక్కతేలాయి. దర్జీ కిటికీకి మూడుసార్లు మాటిచ్చారు. అన్నిటికన్నా పైన, శుక్రవారం పొద్దున్న పదిగంటలకి రెండు పనులు పక్కపక్కన నిలబడ్డాయి: లైబ్రరీ గాజు తలుపు, డ్యాన్సు టీచరమ్మ హాలుకి ఆరు నిలువుటద్దాలు. రెంటికీ ఇద్దరు మనుషులు కావాలి. రెంటికీ బావమరిది కావాలి. టీచరమ్మకి ఇచ్చిన మాట బావమరిది చెవిన ఇంకా పడనే లేదు.

అరమిల్లీ గారు ఫోన్ దూరంగా పట్టుకుని ఆ పందొమ్మిది వరసల్నీ చాలాసేపు చూశారు. ఇచ్చింది ఒక నోరు. మోయాల్సినవి ఇంకొకడి భుజాలు. ఇరవై రెండేళ్ళ శుక్రవారాలు అలాగే గడిచి ఉంటాయి.

మర్నాడు ఆయన టీచరమ్మ హాలుకి వెళ్ళారు. మందుల షాపు పైన పొడుగాటి గది, కొత్త సున్నం వాసన, ఖాళీ గోడ.

"రండి రండి! అద్దాలు తెచ్చేశారా?"

"లేదమ్మా. ఒకటి అడగడానికొచ్చాను. శుక్రవారం అన్నాను గానీ..."

"అయిపోయిందనుకోండి అన్నారు మీరు. నేననుకున్నాను కూడా. సాయంత్రం అయిదింటికి క్లాసు పెట్టుకున్నాను. ఇరవైమంది పిల్లలు సున్నం గోడని చూసుకుంటూ ఆడతారా?"

"అదే రోజు పొద్దున్న లైబ్రరీ తలుపు కూడా ఒప్పుకున్నానమ్మా."

"ఒక నోటితో రెండు ఒప్పుకున్నప్పుడు మరి రెండు చేతులతో కూడా చేయాలి కదండీ."

మామూలుగా అయితే ఇక్కడ అరమిల్లీ గారు ఏదో ఒకటి అనేసేవారు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి, "ఒక్క నిమిషమమ్మా, మా బావమరిదిని అడిగి చెప్తాను" అన్నారు.

టీచరమ్మ కనుబొమలు పైకి లేచాయి. "మీరు అడిగి చెప్తారా? కొట్టు మీదేగా?"

"కొట్టు నాది. పని వాడిది." అని ఆవిడ ముందే ఫోన్ చేశారు. "ఒరేయ్, పట్టీ తెరువు. శుక్రవారం చూడు. రెండున్నాయి. తప్పు నాదే. ఏది జరపొచ్చో నువ్వు చెప్పు, నేను ఒప్పించుకొస్తాను."

అవతల కట్టర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. 

"లైబ్రరీని గురువారం మధ్యాహ్నానికి జరపొచ్చు" అన్నాడు బావమరిది. "తలుపు కోసే ఉంది. కానీ రెండో కొస నువ్వు పట్టుకోవాలి. మోకాళ్ళు ఓర్చుకుంటాయా?"

"అడిగి చెప్తాను వాటిని కూడా."

బావమరిది నవ్వాడు. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి. "శుక్రవారం తొమ్మిదింటికి అద్దాలు ఎక్కిస్తాం. ఒంటిగంటకల్లా అయిపోతాయి. ఆవిణ్ణి హాలు ఊడ్పించి ఉంచమను, ఇసక ఉంటే అద్దం అడుగు గీసుకుపోతుంది."

అరమిల్లీ గారు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పారు. దిగివస్తూ లైబ్రరీలో ఆగి గురువారానికి ఒప్పించుకున్నారు. లైబ్రరీ ఆవిడ అనాల్సిన రెండు మాటలూ అంది, ఆయన పడాల్సిన రెండు మాటలూ పడ్డారు. తిరిగొస్తూ దారిలో లెక్క చూసుకుంటే, పోయింది కాస్త పరువు. నలభై ఏళ్ళుగా దాచుకున్న సరుకే, కాస్త అమ్మితే తరిగిపోయేది కాదు.

గురువారం తలుపు కూర్చుంది. ఐస్ దుకాణం గాజు, దర్జీ కిటికీ కూడా అదే దారిలో అయిపోయాయి. దర్జీ తీసిన అట్టముక్కని మడిచి అరమిల్లీ గారి చేతిలో పెట్టి, "దీనికి బాగా అలవాటుపడ్డానండీ" అన్నాడు. శుక్రవారం పొద్దున్న ఇద్దరూ కలిసి ఆరు అద్దాలూ మెట్లెక్కించారు. బావమరిది ముందు వెనక్కి నడుస్తూ మెట్లు లెక్కపెడుతుంటే, అరమిల్లీ గారు వెనకనుంచి ఆ లెక్కకి అడుగు కలిపారు. మలుపు దగ్గర రెండుసార్లు ఆగారు. ఆగినందుకు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

ఆరో అద్దం బిగించి వెనక్కి జరిగితే గోడంతా వాళ్ళిద్దరే.

"లావయ్యావ్ బావా" అన్నాడు బావమరిది అద్దంలోకి చూస్తూ.

"నువ్వు కోసిన అద్దమే కదరా. వంకర పోయుంటుంది."

బావమరిది ఫోన్ తీసి గడి మీద నొక్కబోయి ఆగి, ఆయన వైపు చాపాడు. అరమిల్లీ గారు చేతికున్న సున్నం చొక్కాకి తుడుచుకుని టిక్కు పెట్టారు. ఆ వరస చప్పుడు లేకుండా అడుక్కి పోయింది. ఒకటింకా కాలేదు, పదినిమిషాలు తక్కువ.

ఇంతా చేసి, కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. శనివారం ఎత్తలేదు, ఆదివారం ఇంటికి భోజనానికొచ్చినప్పుడూ ఎత్తలేదు. భార్య రెండుసార్లు తమ్ముడి మొహం చూసి, రెండుసార్లు మొగుడి మొహం చూసి ఊరుకుంది. అడిగితే తెగేది, అడగకపోతే నిలిచేది ఒకటుంటుంది బేరంలో. ఏది ఎప్పుడో తెలియడానికే నలభై ఏళ్ళు పడుతుంది.

ముప్పయ్యో తారీకు పొద్దున పదింటికి బావమరిది ఫోన్ మోగింది. పేరు చూసి బయటికి వెళ్ళి తలుపు వేశాడు. గాజు తలుపు. మనిషి కనపడుతున్నాడు, మాట వినపడటం లేదు. ఫోన్ చెవికి ఆనించి చెప్పు కొనతో నేల మీద ఏదో గీస్తున్నాడు. ఒకసారి తల ఊపాడు. ఒకసారి నవ్వాడు. అరమిల్లీ గారు పుస్తకం తెరిచి శుక్రవారంనాటి ఆరు అద్దాల కొలతలూ ఎక్కించే పని పెట్టుకున్నారు. మూడోదాని దగ్గర ఎత్తు స్థానంలో వెడల్పు రాసి కొట్టేశారు. ఆ పుస్తకంలో కొట్టివేత ఎప్పుడు పడిందో ఆయనకే గుర్తులేదు.

బావమరిది లోపలికొచ్చాడు. అక్కవైపు చూడలేదు, బావవైపు చూడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి దాని మీద పరిచిన మందపాటి గుడ్డని వేళ్ళతో ఒకచోట తడిమాడు, ఇంకోచోట తడిమాడు. తర్వాత ఫోన్ తీసి ఏదో రాశాడు.

అరమిల్లీ గారి ఫోన్ టింగుమంది. కళ్ళజోడు సవరించుకుని చూశారు. కొలవాల్సిన పనుల్లో కొత్త వరస ఒకటి వచ్చింది.

"కోత బల్ల గుడ్డ పాడైంది. కొత్తది వేయాలి. ఇద్దరం. వచ్చే నెల పన్నెండు, ఆదివారం."

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. వెళ్ళిపోయేవాడు బల్ల గుడ్డ గురించి పట్టించుకోడు. అదీ వచ్చే నెల పన్నెండుకి అసలే పట్టించుకోడు. భార్య తల ఎత్తి 'ఏంటి?' అన్నట్టు చూసింది. ఆయన ఫోన్ ఆవిడ వైపు తిప్పారు. ఆవిడ చదివి, మేకు నోట్లో పెట్టుకునే, మళ్ళీ ఫ్రేము మీదికి వంగింది. సుత్తి దెబ్బలు కాస్త హుషారుగా పడటం మొదలైంది.

అరమిల్లీ గారు ఏమీ అడగలేదు. తక్కెడ తనవైపు మొగ్గినప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ఆ వరస కింద ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాశారు: "ఏ రంగు?"

పదడుగుల అవతలి నుంచి జవాబు టింగుమంటూ వచ్చింది: "ఆకుపచ్చ. తెల్లదైతే గాజుపెంకులు కనపడవు."

"పాతదానికన్నా మందంగా తీసుకుందామా?"

"కొంచెం."

"ఇద్దరూ నోళ్ళు పారేసుకున్నారా ఏంటి?" అంది భార్య.

అరమిల్లీ గారు లేచి, మేకుకి వేలాడుతున్న టేపు తీసుకుని బల్ల దగ్గరికి నడిచారు. బావమరిది అవతలి కొస పట్టుకున్నాడు.